సమాధుల తోటలో చెట్టుకన్నా నేల విలువైనది

సికింద్రాబాద్ వైపున్న మీ చర్చి సంఘపు సమాధుల తోటను నవంబర్ 2న జరిగే సమాధుల పండుగ లోపు జేసీబీతో చదును చేయించి, దారులకు టైల్స్ పరిపించి, మిగిలిన చోటంతా కార్పెట్ గడ్డి వేయించాలని కమిటీలో కొందరు ప్రతిపాదించారని రాశారు. పాముల భయమూ, సమాధుల పగుళ్లలో మొలిచిన రావి మొక్కలూ వారు చూపుతున్న కారణాలు. అసలు అక్కడ కాపాడదగిన జీవజాలం ఉందా, ఉంటే సమాధులు పాడవకుండా దాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నది మీ ప్రశ్న. వృక్షశాస్త్రం బోధిస్తూ, ఈ నగరంలోని సమాధుల తోటలనూ ఖబ్రస్తాన్‌లనూ చాలా ఏళ్లుగా తిరిగి చూసినవాడిగా సూటిగా చెబుతాను. రావి మొక్కలను తీయించండి, గడ్డిని వేళకు కోయించండి, నేలను మాత్రం యంత్రంతో కదిలించనివ్వకండి. ఆ తోటలో మళ్లీ సంపాదించుకోలేనిది నేల ఒక్కటే.

సమాధుల తోటలోకి అడుగుపెట్టిన ఎవరి చూపైనా ముందు చెట్ల మీదికే పోతుంది. మీ దగ్గర వేప, చింత, కానుగ, నిద్రగన్నేరు, సమాధుల పక్కన ఎవరో నాటిన దేవగన్నేరు ఉన్నాయనీ, వాటిని కొట్టవద్దని కమిటీ కూడా ఒప్పుకుందనీ అన్నారు. సంతోషం. అయితే వేప ఈ ఊళ్లో ఎక్కడ నాటినా బతుకుతుంది, పాతికేళ్లలో నిండు నీడనిచ్చే మానవుతుంది. నాగలి పడని, పునాది తవ్వని, లారీలతో మట్టి పోయని నేల అలా తిరిగి రాదు. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంట్‌గా ఏర్పడింది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. ఆ కాలంలోనూ, ఆ తర్వాతి తరాల్లోనూ ఏర్పడిన సమాధుల తోటల చుట్టూ ఉన్న పొలాలు, గుట్టలు, చెరువు శిఖాలు కాలనీలైపోయినా, ప్రహరీ లోపలి నేల చాలావరకు అలాగే మిగిలింది. సమాధుల కోసం గోతులు తవ్వలేదా అని మీ కమిటీలో ఎవరైనా అడగవచ్చు. తవ్వారు, కానీ ఒక్కో గొయ్యి ఆరడుగుల మేర, ఒక్కసారి. వరుసల మధ్యనున్న పట్టీలనూ గోడ వెంబడి అంచులనూ ఎవరూ ముట్టుకోలేదు కనుక అక్కడి నుంచి విత్తనం, దుంప, చీమ, చెద మళ్లీ ఆ గోతి మట్టి మీదికి చేరుకున్నాయి. జేసీబీ ఒక్క పూటలో మొత్తాన్ని తిరగేస్తే, తిరిగి చేరుకోవడానికి పక్కన ఏమీ మిగలదు.

ఆ నేలలో ఏముందో తెలియాలంటే గడ్డి పచ్చగా ఉన్నప్పుడు కాక, మొత్తం ఎండిపోయిన మండు వేసవిలో ఒకసారి తోటంతా నెమ్మదిగా నడవండి. ఆకు ఒక్కటి కూడా లేకుండా, మోకాలెత్తు సన్నని కాడ నేలలోంచి నిటారుగా లేచి, మాసిన గోధుమరంగు చిన్న పూలను వేలాడదీసి కనిపిస్తే అది నక్క ఉల్లి. దాని దుంప ఉల్లిగడ్డలాగే పొరలు పొరలుగా తెల్లగా ఉంటుంది; గుండెపై పనిచేసే విషం అందులో ఉన్నందువల్ల పశువు దాన్ని ముట్టదు. వానలు పడ్డాక మాత్రమే ఆకు వేసి, ఆ కొద్ది నెలల్లో దుంపలో కూడబెట్టుకున్న దానితోనే మరుసటి వేసవిలో మళ్లీ పూకాడ ఎత్తుతుంది. దుంపను తవ్వి పారబోస్తే ఆ జాతి అక్కడికి తనంతట తాను రావడం దాదాపు అసాధ్యం. తొలకరి తర్వాత నీడపట్టున నేలతాడి కోసం చూడండి. తాటి మొలకలాంటి ఆకుల అడుగున, దాదాపు నేలను ఆనుకుని, ఆరు రేకుల పసుపు పువ్వు పూస్తుంది. ఆకు కొసనే నులితీగగా మార్చుకుని కంచె మీదికి పాకే అడవినాభి కూడా ఇలాంటి దుంప మొక్కే. ఇవన్నీ మీ తోటలో ఉన్నాయని నేను అనడం లేదు. వెదకవలసినవి ఇవి అంటున్నాను.

జూన్ మూడో వారం దాటి ఆరుద్ర కార్తె ప్రవేశించాక, మంచి వాన పడిన మరునాటి ఉదయం మరొకసారి వెళ్లండి. ముఖమల్ గుడ్డతో చేసినట్టుండే ఎర్రని ఆరుద్ర పురుగులు తడి మట్టి మీద నడుస్తూ కనిపిస్తే, అది కదలని నేల అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అది ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే గడుపుతుంది. దాని పిల్ల మిడతలవంటి కీటకాలను పట్టుకుని వాటి రసం పీలుస్తూ పెరుగుతుంది, పెద్దదయ్యాక చెదలనూ పురుగుల గుడ్లనూ తింటుంది. మన చిన్నతనంలో ప్రతి ఖాళీ జాగాలోనూ ఏరుకుని అగ్గిపెట్టెల్లో దాచుకున్న ఆ పురుగును నేటి పిల్లలకు చూపించాలంటే నగరంలో ఎక్కడికి తీసుకువెళ్లాలో ఒకసారి ఆలోచించండి.

ఇది మన ఊరికే ప్రత్యేకమైన సంగతి కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒకప్పుడు అనంతంగా పరుచుకున్న ఎత్తు గడ్డిమైదానాలు మొక్కజొన్న, సోయా పొలాలై, అసలు విస్తీర్ణంలో వెయ్యో వంతు కూడా మిగలలేదు. మిగిలిన తునకల్లో కొన్ని తొలి వలస రైతుల సమాధుల తోటలే, ఎందుకంటే అక్కడ ఎవరూ నాగలి దించలేదు. వియన్నాలో 1874లో ప్రారంభమైన కేంద్ర శ్మశానవాటికలో, యూరప్ అంతటా అంతరించే దశకు చేరిన ఒక జాతి అడవి హ్యామ్‌స్టర్ ఎలుకలు సమాధుల మధ్య బొరియలు చేసుకుని నేటికీ బతుకుతున్నాయి. సమాధుల మీద వెలిగించిన దీపాలలోని మైనాన్ని కూడా అవి తినిపోతాయి. ఇంగ్లండ్‌లోని పాత చర్చి ఆవరణల్లో ఎరువు ఎన్నడూ పడని పచ్చిక ఉన్నందువల్లనే మైనపు టోపీలవంటి రంగురంగుల పుట్టగొడుగులు అక్కడ మిగిలాయి. మూడు చోట్లా వాటిని కాపాడాలని ఎవరూ మొదట ప్రణాళిక వేయలేదు. చచ్చినవారి పట్ల గౌరవం చేతనే నేల మిగిలింది.

ఇక గడ్డి కోత. మీ తోట బాగుపడటమూ చెడిపోవడమూ దీని మీదే ఆధారపడి ఉంటుంది కనుక దీని గురించి కొంచెం విస్తరించి చెబుతాను. మన దగ్గర గడ్డి జూన్‌లో మొలిచి, సెప్టెంబర్‌కల్లా పూసి, అక్టోబర్ రెండో సగానికి గింజ రాలుస్తుంది. తుమ్మి, గడ్డి చామంతి, ఉత్తరేణి, గునుగు పూసేదీ, వాటి మీద సీతాకోకచిలుకలు ఆధారపడేదీ ఆ నెలల్లోనే. సమాధుల పండుగ నవంబర్ మొదట్లో రావడం నిజానికి మీకు కలిసివచ్చింది: అక్టోబర్ చివరి వారంలో కోయిస్తే గింజ రాలిపోయి ఉంటుంది, పండుగకు తోట శుభ్రంగానూ ఉంటుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, ఆగస్టులోనే గడ్డి ఎత్తు చూసి కంగారుపడి కలుపు మందు కొట్టించడం. అలా కొట్టించిన చోట మరుసటి ఏడాది గడ్డికి బదులు వయ్యారిభామ వస్తుంది. ఖాళీ మట్టి దొరికితే చాలు, అది ఆక్రమిస్తుంది. 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ పరాయి మొక్క దేశమంతా పాకింది; దాని పుప్పొడి, ఆకు తగిలి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు మీ సంఘంలోనే ఉంటారు. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకించడమే దానికి సరైన విరుగుడు. దాని ఆకులను చిల్లులు చిల్లులుగా కొరుకుతూ తెల్లటి రెక్కల మీద నల్ల గీతలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. వయ్యారిభామను అదుపు చేయడానికే వాటిని మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు.

ప్రధాన దారుల వెంబడి రెండడుగుల మేర ఏడాది పొడవునా పొట్టిగా ఉంచండి. మిగతా తోటను అక్టోబర్ చివర ఒకసారి, ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థనకు ముందు మరొకసారి కోస్తే చాలు. నేల బారుకు కాకుండా నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయాలి. కోసిన గడ్డిని అక్కడే కుళ్లనివ్వకుండా, ముఖ్యంగా అక్కడే తగలబెట్టకుండా బయటికి తీసుకుపోవాలి. పాడి పశువులున్నవారిని అడిగితే వారే వచ్చి మోసుకుపోతారు. మంటల వేడికి గ్రానైట్ పొరలు పొరలుగా ఊడుతుందని చాలామందికి తెలియదు. సమాధి పక్కన చెత్త తగలబెట్టిన చోట అక్షరాల అంచులు రాలిపోయిన ఫలకాలను మీరే చూసి ఉంటారు. బ్రష్ కట్టర్ నైలాన్ తీగ కూడా రాతికి తగిలి అలాంటి నష్టమే చేస్తుంది కనుక, ఫలకానికి అడుగు దూరం లోపల కొడవలితోనే కోయించండి. ఈ పద్ధతిలో దారి పక్కన పొట్టిగా మిగిలే పులిచింత ఆకును వంగి చూస్తే, దాని మీద గుండుసూది మొనంత తెల్లని గుడ్లు అక్కడక్కడ కనబడతాయి. గోరంత రెక్కలతో నేలబారున ఎగిరే లేత నీలిరంగు సీతాకోకచిలుక పెట్టిన గుడ్లవి. దాని గొంగళిపురుగు ఆ పులిచింతనే తిని పెరుగుతుంది. టైల్స్ పరిచిన దారిలో దానికి చోటు లేదు.

కార్పెట్ గడ్డి గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. హైదరాబాద్ ఎండలో అది పచ్చగా ఉండాలంటే వేసవి పొడవునా నీళ్లు పెడుతూనే ఉండాలి. ఆ నీరు పాత సమాధుల అడుగున గుల్లగా ఉన్న మట్టిలోకి దిగి రాళ్లు కుంగుతాయి. బోరు నీళ్లకు, తోటమాలికి అయ్యే ఖర్చు ఏటేటా ఉండేదే. ఈ లెక్క కమిటీ ముందు పెట్టండి, జీవజాలం మాట వినని వారు కూడా దీన్ని వింటారు.

సమాధి రాళ్ల మీద బూడిదరంగులోనూ, ఆకుపచ్చ కలిసిన పసుపులోనూ గుండ్రంగా అతుక్కుని కనిపించే మచ్చలను మీరు బూజు అన్నారు. అవి లైకెన్లు; శిలీంధ్రమూ శైవలమూ (నాచు) కలిసి ఒకే ఒంటిగా బతికే జీవులు. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ కుటుంబంలోనిదే, కాకపోతే అది ఆకులాగా లేచి ఉండే రకం, రాళ్ల మీదివి పెంకులాగా అంటుకుపోయే రకం. గ్రానైట్ మీద ఒక రకం జాతులు, సున్నపు గుణమున్న షాబాద్ బండల మీద, పాలరాతి మీద, గచ్చు మీద వేరే జాతులు వస్తాయి. నాలుగైదు రకాల రాళ్లు పక్కపక్కనే ఉన్న సమాధుల తోట లాంటి చోటు నగరంలో ఇంకొకటి దొరకడం కష్టం. పైగా ప్రతి రాతి మీదా సంవత్సరం చెక్కి ఉంటుంది. ఈ మచ్చలు ఏడాదికి మిల్లీమీటరు కంటే తక్కువగానో, కాస్త ఎక్కువగానో వ్యాపిస్తాయి. తేదీ తెలిసిన రాళ్ల మీద వాటి పెరుగుదలను కొలిచి, తేదీ తెలియని రాళ్ల వయసు కట్టే పద్ధతిని ఆస్ట్రియా శాస్త్రవేత్త రోలాండ్ బెషెల్ 1950లో ప్రతిపాదించాడు. హిమానీనదాలు ఎప్పుడు వెనక్కు తగ్గాయో అంచనా వేయడానికి దాన్ని వాడారు.

కనుక పండుగకు ముందు ఫలకాలను యాసిడ్‌తో కడిగించకండి. పాలరాయి, షాబాద్ బండ యాసిడ్‌లో కరిగిపోతాయి. ఆ మెరుపు రాయి పైపొర పోయిన మెరుపే. కుటుంబసభ్యులు పేరు కనబడాలని కోరితే మంచి నీటితో, మెత్తని నైలాన్ బ్రష్‌తో అక్షరాల మేర మాత్రం రుద్దనివ్వండి. చదవడమే అవసరమైతే రుద్దడం కూడా అక్కరలేదు. సాయంత్రం చీకటి పడ్డాక రాతికి ఒక పక్కనుంచి టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే, పగలు కనబడని అక్షరాలు నీడ పట్టుకుని తేలుతాయి.

రావి, మర్రి, జువ్వి మొక్కల విషయంలో మీ కమిటీ భయం న్యాయమైనదే. గోరింక, కోకిల, పిగిలిపిట్ట పండు తిని రెట్ట వేస్తే, ఆవగింజ కంటే చిన్న విత్తనం రాళ్ల సందులోని సున్నంలో తేమ పట్టుకుని మొలుస్తుంది. వేరు లావెక్కే కొద్దీ రాయిని రాయి నుంచి వేరు చేస్తుంది. చిటికెన వేలికన్నా సన్నగా ఉన్న మొక్కలను రెండు మూడు రోజులు వాన పడ్డాక, సందు మెత్తబడి ఉన్నప్పుడు, సన్నని కత్తితో కదిలించి వేరుతో సహా లాగవచ్చు. రావిని కొట్టడానికి కూలీలు వెనకాడితే బలవంతపెట్టకండి. అలా తీసిన మొక్కను సంచిలో బతికించి చెరువు కట్టకో బడి ఆవరణకో ఇస్తే వారికీ మనసు కుదుటపడుతుంది. అంతకన్నా లావు వేరును మాత్రం ఎన్నడూ లాగకూడదు, వేరుతో పాటు రాయీ వస్తుంది. మొదలంటా కోసి, మొద్దులో రంధ్రం చేసి అప్పటికప్పుడే మందు పెట్టించాలి. ఇందుకు వాడే గ్లైఫోసేట్ అనే కలుపు మందును లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ సంస్థల ద్వారానే వాడాలని 2022లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది కనుక ఆ పని వారికే అప్పగించండి. మందు వద్దనుకుంటే, చిగురు వచ్చినప్పుడల్లా ఆకు ముదరకముందే తుంచుతూ పోవాలి. వేరులోని నిల్వ తరిగి ఒకటి రెండు వానాకాలాల్లో చస్తుంది. వేరు ఎండిపోయాక సందును డంగు సున్నంతోనే పూడ్పించండి, సిమెంటుతో కాదు. సిమెంటు తేమను లోపలే బంధించి పక్క రాతిని పొడి చేస్తుంది. 2013లో మొదలైన కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో ఇరవయ్యో శతాబ్దపు సిమెంటు పూతలను తొలగించి సున్నంతోనే పని చేయడం వెనుక ఇదే కారణం. ఇప్పటికే సమాధిని వేళ్లతో పూర్తిగా చుట్టేసిన చెట్టు ఉంటే దాన్ని కదపకండి, ఆ వేళ్లే ఇప్పుడు ఆ కట్టడాన్ని పట్టి ఉంచుతున్నాయి. పై కొమ్మల బరువు తగ్గించి, వారసత్వ కట్టడాలు చూసే ఇంజనీరుకు చూపించండి.

పాముల గురించి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఈ నగరంలో ఉన్నాయి, సమాధుల తోటలోనూ ఉండవచ్చు. కానీ మీవాళ్లు చూసినదాన్ని బట్టి, పొడవుగా, వేగంగా పగటిపూట పరుగెత్తినది జెర్రిపోతు అయ్యే అవకాశమే ఎక్కువ. దానికి విషం లేదు, ఎలుకలే దాని తిండి. ఎలుక వచ్చేది తిండి కోసం, దాక్కునేది విరిగిన బండలూ పాత శిలువలూ గోడకు ఆనించి పేర్చిన గుట్టల్లో. ముందు ఆ గుట్టలను చలికాలం పగటిపూట, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకున్న మనుషులతో తీయించండి. అన్నం పొట్లాలు, కేకు ముక్కలు వదలవద్దని బోర్డు పెట్టండి. దారులు పొట్టి గడ్డితో కనబడుతూ ఉంటే మనిషీ పామూ ఒకరినొకరు దూరం నుంచే తప్పించుకుంటారు. నిజంగా పాము కనబడితే కర్ర తీయకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారిని పిలవండి. వారు ఈ ఊళ్లో 1990ల నుంచీ ఆ పని చేస్తున్నారు. జేసీబీ తెచ్చిన వారమే పాములు పక్క ఇళ్లలోకి పోతాయన్న మాట కూడా కమిటీకి గుర్తు చేయవచ్చు.

చింతచెట్టు తొర్రలో సాయంత్రం పూట గొడవగా అరుస్తూ జంటగా కూర్చునేవి పైడికంటెలు. గూబ అరుపు అపశకునమని మీ కాపలాదారు రాళ్లు విసురుతున్నాడన్నారు. అవి పురుగులనూ చుంచులనూ తినే పక్షులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టడమూ చంపడమూ నేరం. దీపావళి రోజుల్లో క్షుద్రపూజల పేరుతో గూబలను పట్టుకునేవారు తిరుగుతారు కనుక ఆ వారం గేటు దగ్గర కాస్త కాపలా పెంచండి. దారి మీదికి వంగి లేని ఎండు కొమ్మలను, తొర్రలున్న మొద్దులను అలాగే ఉంచండి. కొత్తగా వేయబోతున్న ఎత్తైన హైమాస్ట్ స్తంభపు దీపం మాత్రం వద్దు. మానుపిల్లి, గబ్బిలం చీకటిలో తిరిగేవి. దేవగన్నేరు రాత్రిపూట ఎక్కువగా పరిమళించేది కూడా రాత్రి ఎగిరే చిమ్మెటల కోసమే. తేనె చుక్క కూడా ఇవ్వకుండా వాసనతో వాటిని మోసం చేసి పుప్పొడి మోయించుకునే పువ్వు అది. భద్రత కావాలంటే గేటు దగ్గర, నడుమెత్తులో, కిందికి పడే దీపాలు చాలు.

కొత్తగా నాటాలనుకుంటే కోనోకార్పస్, సుబాబుల్ జోలికి పోకండి. గోడ వెంబడి తంగేడు, గునుగు గింజలు తొలకరికి చల్లితే చాలు. పెత్రమాస నాటికి చుట్టుపక్కల ఆడపిల్లలు బతుకమ్మ పూల కోసం గేటు దగ్గరికి వస్తారు, ఇవ్వండి, మీ తోటను కాపాడే ఇరుగుపొరుగు అలా ఏర్పడుతుంది. పెద్ద చెట్టు దేన్నైనా కొట్టవలసివస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. పని మొదలుపెట్టేలోగా తోటలోని ప్రతి వరుసకూ ఫొటోలు తీసి, మొక్కలను ఐనాచురలిస్ట్‌లోనూ పక్షులను ఈబర్డ్‌లోనూ (ఎవరైనా తాము చూసినవి నమోదు చేయగల వెబ్‌సైట్లు ఇవి) నమోదు చేయించండి. మీ యువజన సంఘం పిల్లలు ఈ పనిని ఇష్టంగా చేస్తారు, కమిటీ సమావేశంలో చూపడానికి మీ చేతిలో ఒక జాబితా ఉంటుంది.

చివరగా, మీరు అడగకపోయినా, ఒక చిన్న విషయం. పండుగ తర్వాత సమాధుల మీద వదిలేసే పూల కుండీల్లో, గాజు సీసాల్లో నీరు వారం నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెట్టి పెరుగుతుంది. కుండీలను ఇసుకతో నింపి, ఆ ఇసుకను తడిపి అందులో పూలు గుచ్చమని కుటుంబాలకు ముందుగానే చెప్పండి. ప్లాస్టిక్ దండలను, థర్మోకోల్ శిలువలను మూడో రోజుకల్లా ఏరించి తీయించండి. కరిగి రాతి మీద పడ్డ కొవ్వొత్తి మైనాన్ని చెక్క పుల్లతో గీకాలి, కత్తితో కాదు.